21 ముక్కల్లో వచ్చిన భాష

1991 ఫిబ్రవరి 20న పైథాన్ మొదటిసారి నలుగురిలోకి వచ్చింది. వెబ్‌సైట్ లేదు, లాంచ్ లేదు, కీనోట్ లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తున్న గీడో వాన్ రోసమ్, 1989 క్రిస్మస్ సెలవుల్లో ఊసుపోక మొదలుపెట్టిన ఒక ఇంటర్‌ప్రెటర్‌ని ఆల్ట్.సోర్సెస్ అనే న్యూస్‌గ్రూప్‌లో పెట్టాడు. ఒక పోస్టుగా కాదు, 21 పోస్టులుగా. ఒకటో ముక్క, రెండో ముక్క, అలా ఇరవయ్యొకటి దాకా. అన్నీ వరసగా దాచుకుని, అతికించి, మన మెషీన్ మీద కంపైల్ చేసుకుంటే, అప్పుడు ఒక కొత్త భాష మన ఇంట్లో ఉన్నట్టు.

అన్ని ముక్కలెందుకంటే, యూజ్‌నెట్ నడిచే పద్ధతి అది. 1979లో అమెరికాలోని డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల విద్యార్థులు మొదలుపెట్టిన ఈ వ్యవస్థకి కేంద్రం అంటూ లేదు. ఒక కంప్యూటర్ పక్క కంప్యూటర్‌కి ఫోన్ చేసి, తన దగ్గరున్న కొత్త ఉత్తరాలు ఇచ్చి, దాని దగ్గరున్నవి తీసుకునేది. ఫోన్ చార్జీలు తక్కువని ఈ పని ఎక్కువగా రాత్రిపూట జరిగేది. పెద్ద ఉత్తరాన్ని దారిలో ఏదో ఒక మెషీన్ కత్తిరించి పారేయొచ్చు కాబట్టి ముక్కలు చెయ్యాలి. వెళ్ళేవి అక్షరాలు మాత్రమే కాబట్టి, బైనరీ ఫైలు పంపాలంటే యూయూఎన్‌కోడ్ అనే పద్ధతిలో మూడు బైట్లని నాలుగు అక్షరాలు చెయ్యాలి. పాత ఆర్కైవుల్లో అలాంటి పోస్టు తెరిస్తే, దాదాపు ప్రతి వరసా ఇంగ్లీషు పెద్ద 'ఎమ్' అక్షరంతో మొదలై, తర్వాతంతా పిచ్చిగీతల్లా ఉంటుంది. ఆ 'ఎమ్' అంటే ఈ వరసలో 45 బైట్లున్నాయని లెక్క.

నేను ఆ కాలపు మనిషిని కాదు. నాకు ఊహ తెలిసేసరికి న్యూస్‌గ్రూపుల వెలుగు తగ్గిపోయింది. కానీ ఈ మధ్య కొన్ని నెలలుగా రాత్రుళ్ళు ఆ పాత పోస్టులు చదువుతున్నాను, ఇంకొకరు పాత పత్రికల సంచికలు తిరగేసినట్టు. ముఖ్యంగా ఆ రీడ్‌మీలు. నా దృష్టిలో రీడ్‌మీ ఒక సాహిత్య ప్రక్రియ. ముందుమాట, క్షమాపణ, వీలునామా, మూడూ కలిసి ఒక పేజీలో ఉంటాయి. 'ఇది ఇంతవరకు చేసింది నేను, ఇక్కడ పగుళ్ళున్నాయి, ఇక మీ ఇష్టం' అన్న స్వరం. పుస్తకాల వెనక అట్టల మీద ఆ స్వరం నాకెప్పుడూ కనపడలేదు.

ఆ రోజుల్లో ఇవ్వడంలో రకరకాల పద్ధతులుండేవి. అందులో షేర్‌వేర్ ఒకటి. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామ్‌ని, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనే ప్రోగ్రామ్‌ని దాదాపు ఒకే సమయంలో ఈ దారిన వదిలారు: కాపీ చేసుకోండి, స్నేహితులకివ్వండి, నచ్చితే డబ్బు పంపండి. మరుసటేడు బాబ్ వాలెస్ పీసీ-రైట్‌ని 'షేర్‌వేర్' అన్న పేరుతో పంచాడు. అతని లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. 75 డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు ఇచ్చిన కాపీ వల్ల ఇంకొకరు రిజిస్టర్ చేసుకుంటే, ఇచ్చినవాళ్ళకి 25 డాలర్లు వెనక్కొచ్చేవి. మనదగ్గర కాపీ చేయడం దొంగతనమా కాదా అని వాదించుకుంటున్న పనిని ఆయన ఉద్యోగం చేసేశాడు!

అయితే, వర్డ్ ప్రాసెసర్‌ని అలా ఇవ్వడం వేరు, భాషని ఇవ్వడం వేరు. వర్డ్ ప్రాసెసర్‌ని ఒక్కడే కొనుక్కుని ఒక్కడే వాడుకోవచ్చు. భాష అలా కుదరదు. నేను రాసింది మీ మెషీన్ మీద నడవాలంటే మీ దగ్గరా అదే ఇంటర్‌ప్రెటర్ ఉండాలి. మాట్లాడేవాళ్ళు పెరిగేకొద్దీ విలువ పెరిగే వస్తువుకి తలుపు దగ్గర టికెట్ పెడితే ఏమవుతుంది? 1993లో రాబర్ట్ క్రెయిగ్ యుఫోరియా అనే భాషని డాస్ మీద షేర్‌వేర్‌గానే తెచ్చాడు. చిన్న, వేగమైన, చక్కటి ఇంటర్‌ప్రెటర్. దానికి అభిమానులున్నారు, ఇప్పటికీ ఉన్నారు. కానీ 2006కి అదీ సోర్స్ తెరిచి ఉచితంగా ఇచ్చేశారు. రాసినవాడికి కూలి దక్కకూడదని నేననను. కానీ భాష విషయంలో మొదటి కూలి, ఇంకొకరు ఆ భాషలో మనకి జవాబివ్వడం.

ఇలా చేతులు మారిన భాష మా ఇంటికి ఎప్పుడో వచ్చింది, ఎవరికీ తెలియకుండా. డేవిడ్ బెట్జ్ అనే ఆయన 1980ల మొదట్లో ఎక్స్‌లిస్ప్ అనే చిన్న లిస్ప్ ఇంటర్‌ప్రెటర్ రాసి, వ్యాపారానికి కాకుండా ఎవరైనా వాడుకోవచ్చని సోర్స్‌తో సహా ఇచ్చాడు. బులెటిన్ బోర్డుల్లో, న్యూస్‌గ్రూపుల్లో అది తిరిగింది. ఆటోక్యాడ్‌లో ఉండే ఆటోలిస్ప్‌కి మూలం ఆ ఎక్స్‌లిస్పే. పాటల రికార్డింగ్‌కి వాడే ఆడాసిటీలోని నైక్విస్ట్ భాషకీ అదే పునాది.

మా మేనమామ విజయవాడలో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాడు. ఆయన దగ్గర ఒక ఫ్లాపీ ఉండేది, మీద స్కెచ్ పెన్‌తో 'లిస్ప్' అని రాసి. గదుల వైశాల్యం లెక్కేసి బొమ్మ మీదే రాసేది ఒకటి, స్తంభాలకి వరసగా నంబర్లు వేసేది ఒకటి, అలా పది పన్నెండు చిన్న ఫైళ్ళు. "ఎవరు రాశారు మామయ్యా?" అని అడిగితే, "ఎవరో రాశార్రా. నాకు గుంటూరాయన ఇచ్చాడు" అన్నాడు. ఒక ఫైల్లో స్తంభానికి 'సీ' అని వచ్చే చోట తన ఆఫీసు అలవాటు ప్రకారం ఇంకో అక్షరం వచ్చేలా మార్చుకున్నాడు. ఆయన ప్రోగ్రామింగ్ నేర్చుకోలేదు. బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటూ, ఒక అక్షరం మార్చి, నడుస్తుందో లేదో చూశాడు. నడిచింది. ఆ ఫ్లాపీని మళ్ళీ ఇంకెవరికో ఇచ్చాడు, తన మార్పుతో సహా.

ఈ 'మార్పుతో సహా' అన్నదానికి యూజ్‌నెట్‌లో ఒక పనిముట్టు ఉండేది. 1985లో లారీ వాల్ ప్యాచ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. మొత్తం కోడ్ మళ్ళీ పంపక్కర్లేదు, ఫలానా వరస తీసేసి ఈ వరస పెట్టు అనే తేడా ఒక్కటి పంపితే చాలు, అవతలివాళ్ళ దగ్గర అది సరైన చోట అతుక్కుంటుంది. రెండేళ్ళకి, 1987 డిసెంబరులో, ఇదే మనిషి పెర్ల్ భాషని న్యూస్‌గ్రూపుల్లోనే విడుదల చేశాడు. లారీ వాల్ చదివింది భాషాశాస్త్రం. లిపి లేని భాషనొకదాన్ని వెతుక్కుని దానికి లిపి తయారుచేయాలన్నది భార్యాభర్తల కల. అనారోగ్యం వల్ల అది కుదరలేదు. భాషని ఇచ్చేముందే, దానికి జవాబు రాసే పద్ధతిని కూడా ఆ మనిషే ఇచ్చి ఉంచడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

లిపి ఇబ్బంది మనకీ ఉండేది. 1990ల్లో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే న్యూస్‌గ్రూప్‌లో అమెరికాలోని తెలుగువాళ్ళు పద్యాల గురించి, కథల గురించి వాదించుకున్నది రోమన్ అక్షరాల్లోనే. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన లిప్యంతరీకరణ పద్ధతి ఒకటి వాళ్ళకి దారి చూపించింది: చిన్న 'ఎ' రాస్తే అ, పెద్ద 'ఎ' రాస్తే ఆ. ఇవాళ ఫోన్లో రోమన్లో కొడితే తెలుగొస్తోందంటే, దాని వెనక అలాంటి ప్రయత్నాలున్నాయి. నెట్‌లో తెలుగు పత్రికలు చదువుతున్న మనందరం ఎంతో కొంత ఆ గుంపుకి బాకీ.

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ళుగా నేనూ ఒక చిన్న ఇంటర్‌ప్రెటర్ రాస్తున్నాను. తెలుగు మాటలతో నడిచేది. 'ఇఫ్' బదులు 'ఒకవేళ' అని పెట్టడం కాదు, అలాంటివి చాలామంది చేశారు. తెలుగులో క్రియ చివర్న వస్తుంది కదా, షరతు కూడా వాక్యం చివర్నే తేలుతుంది: వాన పడితే, డబ్బుంటే. అందుకని నా భాషలో 'వయసు 18 దాటితే', 'జాబితాకి 5 కలుపు' అని రాయొచ్చు. ముందు వస్తువులు, ఆఖర్న పని. ఫోర్త్ అనే పాత భాష అచ్చం ఇలాగే ఆలోచిస్తుంది. మూడువేల వరసల కోడ్. దీనివల్ల ప్రపంచానికి ఉపకారమేమీ లేదు. కానీ ఇరవయ్యేళ్ళ చదువు, ఉద్యోగం మొత్తమ్మీద నాదీ అని చెప్పుకోగలిగింది ఇదొక్కటే.

ఇంతలో ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జీతం బాగా ఎక్కువ, ఇంటి లోను ఉంది, కాదనే పరిస్థితి లేదు. కాంట్రాక్టులో ఒక పేరా ఉంది: ఉద్యోగకాలంలో, ఆఫీసు వేళల్లో అయినా బయటైనా, నేను రాసే ఏ సాఫ్ట్‌వేరైనా వాళ్ళది. మన 1957 కాపీరైట్ చట్టం ఉద్యోగంలో భాగంగా చేసిన పనినే యజమానికిస్తుంది. సంతకంతో ఆ గీత ఇంకా ముందుకి జరుగుతుంది. ఈ ఒక్క ప్రాజెక్టుని మినహాయిస్తూ ఒక వాక్యం కలపమని అడిగాను. హెచ్ఆర్ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "సర్, టెంప్లేట్ మార్చడం మా చేతుల్లో లేదు. జాయినింగ్‌కి ముందు చేసినవాటికి ప్రాబ్లం లేదు కదా సర్."

నిజమే, ముందు చేసింది నాదే. చేరేలోపు బయటపెట్టేస్తే అయిపోతుంది. స్నేహితులందరూ అదే అన్నారు. కానీ ఆ పాత పోస్టులన్నీ చదివాక నాకు అర్థమైంది వేరు. పైథాన్ 21 ముక్కల్లో వెళ్ళడం సగం కథే. మిగతా సగం, ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని నడిపి చూసి, ఇక్కడ విరిగింది, ఇలా చేస్తే అతికింది అని వెనక్కి రాయడం, ఆయన దాన్ని తీసుకోవడం. నేను చేరిన మర్నాడు ఎవరైనా ఒక సవరణ పంపితే, దాన్ని సరిచూసి కలిపే హక్కు నాకుండదు. కలిపితే, నా మార్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అంటే నేనివ్వగలను, పుచ్చుకోలేను. పిల్లని ఇచ్చి ఇంక పుట్టింటికి రావద్దన్నట్టు.

అందుకని పోయిన ఆదివారం మా అక్క కూతురికి ఫోన్ చేశాను. వరంగల్లో బీటెక్ రెండో సంవత్సరం. ఏ కంపెనీకీ ఏమీ బాకీ లేని మనిషి. కోడ్ మొత్తం తన పేరు మీద పెట్టుకోమన్నాను, ఎమ్ఐటీ లైసెన్సుతో. ఎవరైనా సవరణలు పంపితే చూసేది తనే. నేను ఇకమీదట చదువుతాను, మాట్లాడతాను, రాయను. "అంటే నాకిచ్చేస్తున్నావా మామయ్యా?" అంది. అవునన్నాను. కాస్త కష్టంగానే అన్నాను.

రీడ్‌మీ మాత్రం నేనే రాశాను. ఇది ఇంతవరకు చేసింది నేను, సంధులు సరిగ్గా విడదీయడం దీనికింకా రాదు, ఇక మీ ఇష్టం, అని.

మంగళవారం రాత్రి మొదటి మార్పు చేసింది. 'లేకపోతే' అన్న కీలకపదాన్ని తీసేసి 'లేదంటే' అని పెట్టింది. ఎందుకమ్మా, రెండూ ఒకటే కదా అని మెసేజ్ పెట్టాను. "లేకపోతే అని ఇప్పుడెవరంటున్నారు మామయ్యా, టైపింగ్ కూడా ఎక్కువ" అని జవాబు. నాకు నచ్చలేదు. పదిహేను నిమిషాలు వాదించాను. ఆమె ఒప్పుకోలేదు.

సోమవారం కొత్త ఆఫీసులో చేరుతున్నాను. భాషలో ఇప్పుడు 'లేదంటే' అనే ఉంది.