బొబ్బిలిలో బి.ఎడ్.: చేరిక, హాజరు, అప్పీలు

ఆంధ్రప్రదేశ్‌లో బి.ఎడ్. కన్వీనర్ సీటుకు దారి ఎడ్‌సెట్. ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం ఏటా ఈ పరీక్ష జరుపుతుంది. రెండు గంటల్లో 150 ప్రశ్నలు, 150 మార్కులు. ఇంగ్లిషుకు 25, జనరల్ నాలెడ్జికి 15, బోధనాభిరుచికి 10, అభ్యర్థి ఎంచుకున్న మెథడాలజీకి 100. డిగ్రీలో 50 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 40 చాలు. ఎడ్‌సెట్‌లో పావు వంతు మార్కులు తెచ్చుకుంటే ర్యాంకు వస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస హద్దూ లేదు. సీట్లలో 85 శాతం స్థానికులవి. ప్రైవేటు కళాశాలల్లో నాలుగో వంతు సీట్లు యాజమాన్య కోటాలో ఉంటాయి.

ఈ లెక్కలో లోటు కనిపించేది బోధనాభిరుచి దగ్గర. పంతులు కాదగినవాడా అన్న ప్రశ్నకు 150లో దక్కిన వాటా పది మార్కులు, అదీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడమే. ఇంటర్వ్యూ లేదు. అభ్యర్థి గొంతు ఎలా ఉంటుందో, పిల్లల ముందు నిలబడగలడో లేదో కళాశాలకు తెలిసేది అతను ఫీజు కట్టి చేరిపోయాకే. అందుకే వడపోత భారమంతా చేరిక తర్వాతి రెండేళ్ల మీద పడుతుంది.

ఆ రెండేళ్లకు నియమాలు పెట్టింది జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, ఎన్‌సీటీఈ. ఏడాది కోర్సుగా ఉన్న బి.ఎడ్.ను 2014 నిబంధనలతో రెండేళ్లు చేసింది. ఏడాదికి 200 పనిదినాలు, తరగతులకు 80 శాతం హాజరు, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. చేరిన నాటి నుంచి మూడేళ్లలోగా కోర్సు ముగించాలి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ప్రభుత్వం అడిగే హాజరు మాత్రం 75 శాతం. అంటే ప్రభుత్వం ఫీజు కట్టడానికి సరిపోయిన హాజరుతో పరీక్ష రాయడం కుదరకపోవచ్చు.

రోజుల్లోకి మారిస్తే ఈ శాతాల బరువు తెలుస్తుంది. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ పదహారు వారాలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 96. అందులో మానడానికి వీలున్నవి తొమ్మిది. బొబ్బిలిలో చదివే ట్రైనీల్లో చాలామంది సాలూరు, రామభద్రపురం, బాడంగి, తెర్లాం వైపు నుంచి బస్సుల్లో, ఆటోల్లో వస్తారు. వాళ్లలో పెళ్లయినవాళ్లు, ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ చదువుకునేవాళ్లు ఉంటారు. ఒక జ్వరం, ఒక పెళ్లి, నాలుగు రోజుల నాట్లు వచ్చాయంటే తొమ్మిదీ అయిపోతాయి. అదే నియమం ఇంకోచోట గాలికి పోతుంది. క్లాసుకు రాకుండా పరీక్షలకు మాత్రం దిగే విద్యార్థుల పేర్లకు రిజిస్టరులో వరసగా హాజరు పడే పద్ధతి రాష్ట్రంలో ఎవరికీ కొత్త కాదు. నిజాయితీగా వచ్చి నాలుగు రోజులు తగ్గినవాళ్లనే రిజిస్టరు పట్టుకుంటుంది. అసలు రానివాళ్లు దానికి చిక్కరు.

హాజరుకు అందని పని ఒకటి బడి తరగతి గదిలో జరుగుతుంది. బొబ్బిలి పట్టణంలోని ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతి లెక్కల పీరియడు. ట్రైనీ బల్ల మీద థర్మాకోల్‌తో చేసిన భిన్నాల చార్టు. బోర్డు మీద తేదీ, పీరియడు, పాఠం పేరు వరస తప్పకుండా ఉన్నాయి. వెనక బెంచీలో పర్యవేక్షణకు వచ్చిన మేడమ్ ఒళ్లో అబ్జర్వేషన్ రికార్డు. ఆవిడ ‘బాగుంది’ అని సంతకం పెట్టి లేచిపోయే రకం కాదు. ఎర్ర పెన్నుతో అరపేజీ నింపారు. ‘మూడో లెక్క చేస్తున్నంతసేపూ కిటికీ వైపు వరస నీకు కనపడలేదు. తప్పు చెప్పిన పిల్లను కూర్చోమన్నావు, ఎందుకు తప్పిందో అడగలేదు. తుడిచేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడు.’ పీరియడు అయ్యాక ట్రైనీ ఆ పేజీని రెండుసార్లు చదువుకుంది.

పంతుళ్లు తయారయ్యేది ఆ ఎర్ర సిరాతోనే. ఏటా వందమందిని చేర్చుకునే చోట, అంటే రెండేళ్లకు కలిపి రెండు వందల మందికి, పదహారుమంది అధ్యాపకులు ఉండాలని ఎన్‌సీటీఈ పెట్టిన లెక్క ఇందుకే. ఒక్కొక్కరికి పన్నెండు, పదముగ్గురు ట్రైనీలైతే ప్రతి పాఠానికీ అరపేజీ రాయవచ్చు. ఆ పదహారూ కాగితం మీదే ఉన్న చోట రికార్డులు ఒక్క రోజులో, ఒక్క చేత్తో, ఒకే మాటతో నిండిపోతాయి. తనిఖీకి వచ్చినవాళ్లు రికార్డు ఉందా లేదా అని చూస్తారు గానీ అందులో ఏం రాశారో చదవరు.

హాజరు తగ్గినవాళ్ల మాట కళాశాల ఆఫీసు కిటికీ దగ్గర వినిపిస్తుంది. ‘పిల్ల పుట్టింది సార్, నెల్రోజులు రాలేకపోనాను. ఇప్పుడు జూనియర్లతో కూర్చోమంటే ఏటి సెయ్యమంటారు?’ లోపలి నుంచి జవాబు: ‘అది యూనివర్సిటీ రూలమ్మా, మా చేతిలో ఏటీ లేదు.’ ఎవరికి అర్జీ పెట్టుకోవాలో ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు.

1993 నాటి ఎన్‌సీటీఈ చట్టంలో అప్పీలు ఉంది. పద్దెనిమిదో సెక్షను ప్రకారం గుర్తింపు దొరకని కళాశాల, గుర్తింపు పోయిన కళాశాల అరవై రోజుల్లో కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. హాజరు చాలక ఆగిపోయిన విద్యార్థికి ఆ సెక్షనుతో పని లేదు. ఆమె దారి యూజీసీ 2023లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో ఉంది. ముందు విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి రాయాలి. కమిటీ పదిహేను పనిదినాల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే పదిహేను రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపినా, ప్రకటించిన విధానానికి భిన్నంగా ప్రవేశాలు ఇచ్చినా ఇక్కడే అడగాలి. జవాబుపత్రం మళ్లీ దిద్దాలన్న అర్జీని మాత్రం, నిర్దిష్టమైన అక్రమమో వివక్షో చూపిస్తే తప్ప అంబుడ్స్‌పర్సన్ తీసుకోరు.

ప్రసవం సంగతికి తీర్పు కూడా ఉంది. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నిబంధనలు రాసుకోమని 2021 డిసెంబరులోనే యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. మీరట్‌లోని చౌధరీ చరణ్ సింగ్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎడ్. చదివే ఒక విద్యార్థినికి ప్రసూతి సెలవు దొరకక హాజరు తక్కువైంది. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. చదువో, బిడ్డో ఒకటే ఎంచుకోమని పౌరులను నెట్టకూడదని కోర్టు 2023 మేలో చెప్పి, విశ్వవిద్యాలయం ఉత్తర్వును కొట్టేసింది, మళ్లీ పరిశీలించమంది. అక్కడి పేచీ కూడా 80 శాతం హాజరు మీదే.

ఏడాది ఆగితే ఏం పోయిందని ఆఫీసులో సులువుగా అనేస్తారు. కానీ ప్రభుత్వ టీచరు పోస్టులు భర్తీ చేసే డీఎస్సీ ఏటా రాదు. 2018 డీఎస్సీ తర్వాత నియామకాల దాకా వెళ్లిన పెద్ద డీఎస్సీ 2025లో వచ్చిన 16,347 పోస్టులదే. పైగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రాథమిక బడి పోస్టులకు బి.ఎడ్. పనికిరాకుండా పోయింది, స్కూల్ అసిస్టెంటు వంటి పై పోస్టులే మిగిలాయి. సర్టిఫికెట్ చేతికి రావడం ఒక్క ఏడు ఆలస్యమైతే పోయేది ఆ ఏడు ఒక్కటే కాకపోవచ్చు, మధ్యలో వచ్చిన డీఎస్సీ కూడా పోవచ్చు.

చేరిన రోజు విద్యార్థికి ఫీజు రసీదు, ఐడీ కార్డు ఇస్తారు. వాటితో పాటు తెలుగులో ఒక పేజీ ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు: ఎన్ని రోజులు మానవచ్చు, ప్రసవానికో జబ్బుకో సడలింపు ఎవరు ఇస్తారు, కాదంటే ఎన్ని రోజుల్లో ఎవరికి రాయాలి, అంబుడ్స్‌పర్సన్ చిరునామా ఏమిటి. గుర్తింపు పోతే కళాశాల తన అప్పీలు గడువును ఎన్నడూ మరిచిపోదు. విద్యార్థి గడువు చెప్పాల్సిన బాధ్యత కూడా దానిదే.