పదిమందికే దారి

జపాన్‌లో షిజువోకా ప్రాంతం, ఓయి నది లోయ. మే నెల కావడంతో కవానె తేయాకు తోటల్లో చిగురు కోతలు సాగుతున్నాయి. సెంజు ఊరి నుంచి సుమతాక్యో అనే వేడినీటి బుగ్గల ఊరికి బస్సులో నలభై నిమిషాలు. రోడ్డు చాలాచోట్ల ఒక్క బస్సుకే సరిపోతుంది. అమ్మ కిటికీ పక్కనుంచి లేచి నా సీట్లోకి మారింది, లోయ చూడలేనని.

అలాంటి మనిషిని నేను తీసుకెళ్తున్నది వేలాడే వంతెనకి!

ఊరు చిన్నది. కాసిని సత్రాలు, నాలుగు దుకాణాలు. అవి దాటి, ఒక సొరంగంలోంచి నడిచి బయటికొచ్చాక, చెట్ల సందుల్లోంచి కింద నీళ్ళు కనిపించాయి. నెమలికంఠం రంగు.

"ఇందులో ఏం కలిపారే?" అంది అమ్మ.

ఏమీ కలపలేదు. ఇది 1938లో పూర్తయిన ఓమా డ్యామ్ వెనక నిలిచిన నీరు. అందులో తేలే అతి సన్నని రేణువులు వెలుగులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. టిండాల్ ప్రభావం అంటారు. గట్టి వాన పడితే ఈ రంగు ఉండదు, మామూలు బురదనీరే. అమ్మ నా పాఠం సగంలోనే వదిలేసి వంతెన వైపు చూస్తోంది.

పేరు 'కలల వంతెన'. పొడవు 90 మీటర్లు, నీటి మీంచి ఎత్తు 8 మీటర్లే. భయపెట్టేది ఎత్తు కాదు, ఊపు. అడుగు వెయ్యడానికి మధ్యలో సన్నటి చెక్కల వరుస, పక్కలకి తీగెలు. ఒకేసారి పదిమంది కంటే ఎక్కువ ఎక్కకూడదు. ఆ రోజు కాపలా ఎవరూ లేరు. ముందున్న ముసలి దంపతులు వేళ్ళతో లెక్కపెట్టుకుని ఆగిపోయారు. వాళ్ళ వెనక మేం, మా వెనక ఇంకొందరు. ఎవరూ తోసుకోలేదు.

"మోర్బీలో ఇలా లెక్కపెట్టి ఉంటేనా..." అంది అమ్మ మెల్లగా. 2022 అక్టోబర్‌లో గుజరాత్‌లోని ఆ తీగెల వంతెన తెగి నూటముప్పై మందికి పైగా పోయారు. అప్పుడు రెండు రోజులు టీవీ ముందునుంచి లేవలేదు తను. నేనేం మాట్లాడలేదు. రక్షణ అంటే పెద్ద యంత్రాంగం ఉండాలనుకునేదాన్ని. ఇక్కడ పని చేసింది ఒక బోర్డూ, దాన్ని చదివి ఆగిన మనుషులూ.

మా వంతు వచ్చింది. అమ్మ రెండు చేతులా తీగె పట్టుకుని, నా వీపు మీదే చూపు నిలిపి నడిచింది. నడిమధ్యలో ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. అక్కడ కోరుకుంటే మనసైనవాడు దొరుకుతాడని నమ్మకమట. పక్కనుంచి దాటే ధైర్యం మాకు లేదు. కదలకుండా ఉంటే వంతెనా నిదానించింది, అమ్మ చచ్చినట్టు కిందికి చూడాల్సి వచ్చింది.

"త్వరగా కోరుకోమనవే ఆ పిల్లని," అంది. కానీ నీళ్ళ మీంచి చూపు మాత్రం తిప్పుకోలేదు.

అవతలి ఒడ్డున మూడు వందల దాకా మెట్లు. మోకాళ్ళు ఒప్పుకోవని అమ్మ తేల్చేసింది. రద్దీ రోజుల్లో ఒకవైపే నడక గానీ, ఆ రోజు అటూ ఇటూ వెళ్ళొచ్చు. పదిలో చోటు దొరికేదాకా ఆగి, వచ్చిన దారినే వెనక్కి వచ్చాం.

సాయంత్రం సత్రంలో స్నానం. పదిమంది ఆడవాళ్ళ మధ్య బట్టల్లేకుండా దిగడం అమ్మ వల్ల కాదని, కుటుంబాలకిచ్చే చిన్న గది అడిగి తీసుకున్నాను. గంధకం వాసన అంతంతమాత్రం. నీళ్ళు మాత్రం ఒంటి మీద జారిపోతున్నాయి.

"కుంకుడురసంలా ఉన్నాయే," అని మోచేతులు రుద్దుకుంటూ కూర్చుంది. భోజనానికి పిలిచేదాకా లేవలేదు.