తామర : అంచు చెరిపే లేపనాలు

గజ్జల్లోనో, నడుము మడతల్లోనో దురదపెట్టే ఎఱ్ఱని వలయం కనిపించగానే మీలో చాలామంది మందుల దుకాణానికి వెళ్తారు. అక్కడ ఇచ్చే లేపనంలో తఱచు క్లోబెటసాల్ వంటి స్టీరాయిడు, శిలీంధ్రనాశకం, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

తామర కలిగించే శిలీంధ్రాలు చర్మపు పైపొరలోని మృతకణాల కెరటిన్‌ను తింటూ వలయాకారంలో వ్యాపిస్తాయి. అందువలన అంచు ఉబ్బి, పొలుసులు కట్టి, నడిమి భాగం మానినట్లుంటుంది. ఆ ఎఱుపు మన శరీరపు ప్రతిఘటనకు గుర్తు. స్టీరాయిడు దానిని అణచివేస్తుంది. శిలీంధ్రం నిరాటంకంగా పెరుగుతుంది. అంచు చెరిగిన మచ్చను చూసి వైద్యులు కూడా ఎక్జీమా అని పొరబడవచ్చు. నెలల తరబడి పూస్తే గజ్జల్లో చర్మం పలుచబడి చారలు పడతాయి. అవి పూర్తిగా పోవు.

వ్యాధి నిర్ధారణ కష్టమేమీ కాదు. అంచునుండి పొలుసులు గీకి, గాజుపలకపై పొటాసియం హైడ్రాక్సైడు చుక్కలో ఉంచితే చర్మకణాలు కరిగి, సూక్ష్మదర్శినిలో శిలీంధ్రపు పోగులు కనిపిస్తాయి. ఇంత చౌకైన పరీక్షను చాలాచోట్ల చేయకపోవడం విచారకరం.

2020లో జపాను పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపెట్టిన రకం టెర్బినఫిన్‌కు తఱచు లొంగదు. అటువంటప్పుడు చర్మవైద్యుల పర్యవేక్షణలో ఇట్రాకొనజోల్ వారాల తరబడి అవసరం కావచ్చు.

మీ ఇంట్లోని లేపనపు గొట్టంపై చిన్న అక్షరాలను ఒకసారి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ పేర్లలో ఏది ఉన్నా దానిని తామరపై పూయకండి.