సౌత్‌వెల్ ఆపిల్ చెట్టు

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ నగరం నుండి ఈశాన్యంగా ఇంచుమించు ఇరవై కిలోమీటర్లు బస్సులో వెళితే సౌత్‌వెల్ అనే చిన్న పట్టణం వస్తుంది. ఊరు చిన్నదే గాని దేవాలయం చాలా పెద్దది. మినిస్టర్ అని పిలిచే ఆ దేవాలయపు జంట గోపురాలు దూరం నుండే కనిపిస్తాయి. లోపల 13వ శతాబ్దపు శిల్పులు రాతిలో చెక్కిన ఓక్ ఆకులు, ద్రాక్షాకులు నిన్న కోసి అతికించినట్టున్నాయి. వాటిని చూడడానికే ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. నేను మాత్రం ఒక ఆపిల్ పండు కోసం వెళ్లాను.

ఆ పండు పుట్టిల్లు అదే ఊళ్లో, చర్చ్ స్ట్రీట్‌లోని ఒక ఇంటి పెరడు. 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే అమ్మాయి అక్కడ ఆపిల్ గింజలు నాటింది. ఒక మొక్క బ్రతికింది. తరువాత ఆమె పెండ్లి చేసుకొని వెళ్లిపోయింది. 1846లో ఆ ఇల్లు కొన్నది మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి. పదేండ్లకు హెన్రీ మెర్రీవెదర్ అనే యువకుడు, మొక్కలు పెంచి అమ్మే ఇంటివాడు, అంటుకొమ్మలు అడిగితే, పండుకు తన పేరు పెడితేనే ఇస్తానన్నాడు బ్రామ్లీ. గింజ నాటిన ఆమె 1852లోనే కన్నుమూసింది. ఆ పండ్లు అమ్మినట్టు దొరికిన మొదటి లెక్క 1862 నాటిది. మూడు పండ్లకు రెండు షిల్లింగులు! నేటికీ అది బ్రామ్లీ ఆపిలే.

1900 ప్రాంతంలో గాలివానకు చెట్టు కూలిపోయింది. నేలకు ఒరిగిన కొమ్మ వేరు పట్టి మళ్లీ చెట్టయింది. ఇప్పుడు దానికి వేళ్లను తినే ఒక శిలీంధ్రం పట్టింది. ఆ తెగులుకు మందు లేదు. అయితే ఆపిల్ గింజ వేస్తే తల్లిచెట్టు పండే రాదు గనుక, లోకంలోని ప్రతి బ్రామ్లీ చెట్టూ అంటు వెంట అంటుగా ఈ చెట్టు కొమ్మే. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు దాని కణజాలం నుండి కూడా పిల్లచెట్లు పెంచారు.

పచ్చిది కొరికితే పండ్లు పులిసిపోతాయి. ఆ పులుపే దాని గొప్ప. పొయ్యి వేడికి గుజ్జు నురుగులా పొంగి దూదిలా మెత్తబడుతుంది. మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దమ్మగారు భోజనమయ్యాక వడ్డించింది అదే. మైదా లేదు, గుడ్డు లేదు. తొక్క తీయకుండానే పండు నడుమ నుండి గింజల భాగం తొలిచి, అడుగు మాత్రం చిల్లు పడకుండా ఉంచారు. నడుము చుట్టూ కత్తితో సన్నని గీత గీశారు. గీత లేకపోతే తొక్క ఎక్కడపడితే అక్కడ పగులుతుందట. గుంటలో ఎండుద్రాక్ష, చెంచాడు ముదురు చక్కెర, చిటికెడు దాల్చినచెక్క పొడి, గోరంత వెన్న. పళ్లెంలో నాలుగు చెంచాల నీళ్లు పోసి, 180 డిగ్రీల ఓవెన్‌లో నలభై నిమిషాలు ఉంచారు. పైన కస్టర్డ్ పోసుకోవడం అక్కడి అలవాటు. నాకైతే అది లేకుండానే బాగుంది.

మన ఇళ్లలో ఓవెన్ లేకపోతే చింత లేదు. క్రిస్మస్‌కు కేకు చేసే ఇసుక గిన్నె చాలు. మందపాటి గిన్నెలో అంగుళం మందాన ఇసుక పోసి, మూత పెట్టి పది నిమిషాలు కాచండి. స్టాండు మీద పండ్ల పళ్లెం పెట్టి, మూత వేసి, మధ్యరకం మంట మీద ముప్పావు గంట ఉంచండి. మనకు దొరికే సిమ్లా ఆపిల్ తీపిది, కాబట్టి చక్కెరకు బదులు కొద్దిగా బెల్లం తురుము, అరచెక్క నిమ్మరసం చాలు. అది బ్రామ్లీలా పొంగదు, ఆకారం నిలుపుకొని మెత్తబడుతుంది. పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి. పళ్లెంలో మిగిలిన రసం పారబోయకండి, పైన పోసి వేడిగా ఉండగానే పిల్లలకు పెట్టండి.