కండ్ల మంట

2023లో బతుకమ్మ పండుగకు ముందు నా కండ్లకు దెబ్బ తగిలింది. చూపు పోలేదు. మంట మాత్రం మరుసటి ఎండాకాలం దాకా ఉంది. నేను జనగామలో ఇంట్లోనే మిషన్ పెట్టుకొని జాకెట్లు కుడతాను. మా ఆయన భూపాలపల్లిలో పనిచేస్తాడు, సెలవు దొరికితే వస్తాడు. ఇంట్లో నేనూ, బడికి పోయే బిడ్డా ఉంటాం. నా కంటికి ఏమన్నా అయితే ఇల్లు నడవదు. ఆ నెలలన్నీ ఆ భయంతోనే గడిచాయి.

మాది పాత పెంకుటిల్లు. గోడలకు ఏండ్ల తరబడి సున్నం మీద సున్నం వేశారు. పండుగ ముందు ఇల్లు దులిపి, పెచ్చులు లేచిన సున్నం గీకి, కొత్తది వేయడం మా దగ్గర మామూలే. గోడలు గీకినంతసేపూ ఇల్లంతా తెల్లటి దుమ్ము. కండ్లు గరగరలాడాయి. ముఖం కడుక్కొని మళ్లీ పనిలో పడ్డాను.

మర్నాడు బాత్రూం కడుగుతున్నాను. నేల మీద అప్పటికే యాసిడ్ ఉంది. దాని మీద బ్లీచింగ్ పౌడర్ పడింది. బుస్సుమని పొగ లేచింది. అది క్లోరిన్. బ్లీచింగ్ పౌడరూ యాసిడూ కలిస్తే ఆ గ్యాస్ పుడుతుంది. గాలి కన్నా బరువైంది కాబట్టి నేలకు దగ్గరగా, మనం వంగి ఉన్న చోటనే నిలుస్తుంది. కంటి తడిలో కలిసి యాసిడ్ అయి కాలుస్తుంది. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి.

దగ్గుతూ బయటపడ్డాను. కండ్లు తెరవబోతే తెరుచుకోలేదు. బలవంతంగా తెరిస్తే మసక తప్ప ఏమీ లేదు. అరిచాను. నా బిడ్డ ఏడుపు వినబడుతోంది, దాని ముఖం కనబడటం లేదు. గుడ్డిదాన్నయిపోయాను అనుకున్నాను.

పక్కింటి అక్క ఉరికొచ్చింది. నన్ను నల్లా దగ్గరికి గుంజుకుపోయింది. తల వంచి, వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకొని నీళ్లు పారించింది. మంటకు ఓర్వలేక ఆమె చెయ్యి విదిలించాను. "నువ్వు తిట్టుకో, కొట్టుకో, నేనైతే ఇడువ" అంది. నల్లా బంద్ అయితే బిందెల్లో నీళ్లు పోసింది. కంట్లో రసాయనం పడితే వెంటనే, ఉన్నచోటనే, మంచినీళ్లతో కనీసం పావుగంట, వీలైతే అరగంట ఆపకుండా కడగాలని డాక్టర్లు చెబుతారు. ఆసుపత్రికి పోవడం ఆ తర్వాతి సంగతి. ఆ అక్క బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమెకు ఇదంతా ఎవరు చెప్పారో నేను అడగలేదు. నా కండ్లు నిలిచాయంటే మొదటి కారణం ఆమె చేతులే.

ఆ రాత్రి చూపు కొద్దిగా తేటపడింది. మంట అట్లనే ఉంది. దీపం వెలుగు కూడా పడలేదు. బిడ్డ అన్నం కలిపి నా నోట్లో పెట్టింది. అది పెడుతుంటే సిగ్గుతో ముద్ద దిగలేదు.

మరుసటి రోజు మా మరిది మందుల దుకాణంలో అడిగి కంటి చుక్కలు తెచ్చాడు. వేసిన పూటకే ఎరుపు తగ్గింది. ప్రాణం లేచొచ్చింది. సీసా అయిపోగానే మంట మళ్లీ మొదలు. ఇంకో సీసా వచ్చింది. పండుగ రోజులన్నీ అట్లనే గడిచాయి. పొద్దున లేస్తే రెప్పలు అతుక్కొని ఉండేవి. సాయంత్రానికి కంట్లో ఇసుక పోసినట్టుండేది. సూదిలో దారం బిడ్డ ఎక్కించి ఇచ్చేది. పండుగకని ఒప్పుకున్న జాకెట్లు సగం మాత్రమే కుట్టగలిగాను.

ఆ ఏడు వానాకాలంలో రాష్ట్రమంతా కండ్ల కలక వచ్చింది. జనం ఇంకా ఆ భయంలోనే ఉన్నారు. సద్దుల బతుకమ్మ నాడు నా ఎర్రటి కండ్లు చూసి ఆడవాళ్లు పిల్లలను పక్కకు తీసుకున్నారు. ఇది అంటుకునేది కాదని ఇద్దరు ముగ్గురికి చెప్పాను. తర్వాత చెప్పే ఓపిక లేక ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి బాగా ఏడ్చాను. ఏడిస్తే ఇంకా మండింది.

దీపావళి దాటినా తగ్గలేదు. మా వాడ ఆశా వర్కర్ నన్ను చూసి, ఇది ఇక దుకాణం చుక్కలతో పోయేది కాదని చెప్పింది. వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తానే వెంట వచ్చింది. రైలు దిగాక ఎండకు కండ్లు మూసుకొని ఆమె కొంగు పట్టుకొని నడిచాను. చెయ్యి పట్టి నడిపించే మనిషి లేకుంటే ఆ రోజు నేను స్టేషన్‌లోనే కూలబడేదాన్ని.

అక్కడి డాక్టరమ్మ పై రెప్పను తిరగేసి చూసింది. లోపల సన్నటి సున్నం నలుసు ఇరుక్కొని ఉంది. రెప్ప వేసిన ప్రతిసారీ అది నల్లగుడ్డు మీది పొరను గీకుతోందట. తీసేసింది. పసుపుపచ్చ మందు వేసి నీలం లైటుతో చూసింది. గీతలు పడిన చోట ఆ మందు ఆకుపచ్చగా మెరుస్తుందని చెప్పింది. కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు ఉంచింది. పది మిల్లీమీటర్లన్నా తడవాలి. నాది అంత తడవలేదు. ఉండుండి కన్నీళ్లు కారే కన్ను పొడిబారిందంటే నేను నమ్మలేదు. ఆమె ఓపికగా చెప్పింది. కంటి మీద ఉండే తడిలో నీళ్లే కాదు, నూనె, జిగురు కూడా ఉంటాయి. రసాయనం తగిలి అవి దెబ్బతింటే తడి నిలవదు. ఆ చురుకుకు కన్ను ఉన్నట్టుండి నీళ్లు కారుస్తుంది, ఆ నీళ్లు నిలవక జారిపోతాయి.

తర్వాత నేను వేసుకున్న చుక్కల సీసా చూసింది. అందులో స్టిరాయిడ్ ఉంది. డాక్టరు చూస్తూ ఉండగా కొద్దిరోజులు వాడే మందు అది. చూసేవాళ్లు లేకుండా నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లం రావచ్చు. గ్లాకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. నా కంటి ఒత్తిడి అప్పటికే కాస్త పెరిగి ఉంది. ఆ మాట విన్నాక నా కాళ్లు వణికాయి. మంట తగ్గితే చాలనుకున్న నాకు, దాని చాటున ఇంకోటి పెరుగుతోందని అప్పుడే తెలిసింది. ఆమె ఆ చుక్కలు మెల్లగా తగ్గించి ఆపించింది, ఒత్తిడి మామూలుకు వచ్చేదాకా చూసింది.

ఆసుపత్రి వరుసలోనే ఒక చిన్న పిల్లవాణ్ని చూశాను. పాన్ సున్నం పొట్లం నొక్కితే పగిలి కంట్లో కొట్టింది. తడి సున్నం క్షారం. యాసిడ్ కన్నా లోపలికి దిగి కాలుస్తుంది. నాకు పడింది ఏండ్ల నాటి పాత సున్నం పొడి కాబట్టి అంత లోతుకు పోలేదు. ఆ పిల్లవాణ్ని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి పొమ్మన్నారు. బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలతో కాలిన కంటి పొరను మళ్లీ పెంచే పద్ధతి అక్కడ ఉంది. స్లెట్ అంటారు. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఆ పద్ధతిని 2012లో ప్రకటించింది. ఆ తల్లి ముఖం చూశాక నా మంట గురించి మాట్లాడటానికి కొన్ని రోజులు నోరు రాలేదు.

సంక్రాంతికి మానుకోట (మహబూబాబాద్) దగ్గర మా అమ్మగారింటికి పోయాను. ఆ జిల్లాలో అది మిర్చి ఏరే కాలం. గాలిలోనే ఘాటు ఉంటుంది. ఊర్లోకి అడుగు పెట్టగానే కండ్లు మళ్లీ నిప్పులయ్యాయి. అమ్మ ఆముదం వేస్తానంది, చనుబాలు పిండిస్తానంది. డాక్టరమ్మ తానిచ్చిన మందు తప్ప కంట్లో ఏదీ వేయొద్దన్నదని చెబితే చిన్నబుచ్చుకుంది, కానీ ఒప్పుకుంది. ఆ ఏడు అమ్మ మిర్చి ఇంటి ముందు ఆరబోయలేదు. మనుషులను పెట్టి దూరం కల్లానికి మోయించింది. కూలి మీదపడ్డా నాతో ఒక్క మాట అనలేదు. ఫిబ్రవరిలో మేడారం జాతరకు మావాళ్లంతా పోయారు. ఆ దుమ్ములోకి నేను పోలేకపోయాను. జాతరలో అమ్మవార్లకు ఇచ్చే బంగారం, అంటే బెల్లం, వాళ్లతోనే పంపాను.

వేసవి సెలవుల్లో భూపాలపల్లి పోయాం. అక్కడ సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. ఎండకు బొగ్గు దుమ్ము తోడవుతుంది. మా ఆయన కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టాడు. పొద్దున తానే తడిగుడ్డతో ఇల్లు తుడిచి డ్యూటీకి పోయేవాడు. అంతకు ముందు నా మంట సంగతి చెబితే "కండ్లు మంచిగనే ఉన్నాయి కదా" అనేవాడు. ఒక రాత్రి నేను లేచి కన్నీటి చుక్కల సీసా కోసం గోడ తడుముకుంటుంటే చూశాడు. అప్పటి నుంచి ఆ మాట అనలేదు. ఆ సీసా చోటు తప్పకుండా చూసుకున్నాడు.

వానలు పడేసరికి మంట చాలావరకు తగ్గింది. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, రోజూ రెప్పల మీద గోరువెచ్చని గుడ్డ కాపడం, మిషన్ మీద కూర్చున్నప్పుడు మధ్యమధ్యలో ఆగి రెప్పలు పూర్తిగా మూసి తెరవడం, ఎంత దురద పెట్టినా కండ్లు నలపకపోవడం. ఇవే మందులు. ఇప్పుడు సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. ఒత్తిడి చూపించుకోవడానికి వరంగల్ పోతున్నాను. లోపలికి పిలిచేదాకా గుండె దడగానే ఉంటుంది.

మీ ఇంట్లో సున్నం గీకేముందు గోడ తడపండి, కండ్లకు అద్దాలు పెట్టుకోండి. బ్లీచింగ్ పౌడరూ యాసిడూ ఒకే రోజు, ఒకే చోట వాడకండి. పాన్ సున్నం పిల్లలకు అందనీయకండి. కంట్లో పడితే ముందు నీళ్లు, తర్వాత కంటి డాక్టరు. చీటీ లేని చుక్కలు వద్దు. ఎవరైనా నెలల తరబడి కండ్లు మండుతున్నాయంటే, పైకి ఎరుపు కనబడకపోయినా వాళ్ల మాట నమ్మి ఆసుపత్రికి వెంట పోండి. నేను ఒక్కదాన్నే పోగలిగి ఉండేదాన్ని కాదు.