ఇన్‌కమింగ్‌కీ డబ్బులే

విదేశంలో, ఉదాహరణకు డాలస్‌లో, ఉన్న ఇండియా సిమ్‌కు హైదరాబాద్ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే ఆ కాల్ రెండు ముక్కలుగా నడుస్తుంది. మొదటి ముక్క మామూలు కాలే. చేసినవారి ప్యాక్‌లో కలిసిపోతుంది. ఇక్కడి నెట్‌వర్క్ నుంచి డాలస్ దాకా పోయే రెండో ముక్క ఖర్చు ఎత్తినవారిది. చేసినవారికి ఈ సంగతే తెలియదు. కూతురి పురిటికి వెళ్ళిన అమ్మమ్మకు ఊళ్ళోంచి తోడికోడలు ఫోన్ చేసి, కందిపప్పు ధర దగ్గర మొదలుపెట్టి ఎదురింటివాళ్ళ పెళ్ళి సంబంధం దాకా తీరిగ్గా చెబుతుంది. అక్కడ అమ్మమ్మ బ్యాలెన్స్ కరిగిపోతుంటుంది.

ఇంతకన్నా చోద్యం ఇంకొకటుంది. సింగపూర్‌లో ఒకే హోటల్లో దిగిన ఇద్దరు తమ ఇండియా సిమ్‌లతో మాట్లాడుకుంటే, ఆ కాల్ ఇండియాకు వచ్చి మళ్ళీ సింగపూర్ వెళ్తుంది. చేసినవారూ కడతారు, ఎత్తినవారూ కడతారు. పక్క గది తలుపు కొట్టడం చవక.

మూడు నాలుగు రోజుల ప్రయాణమైతే కంపెనీవారి రోమింగ్ ప్యాక్‌తో సరిపెట్టుకోవచ్చు. ప్యాక్ లేకుండా డేటా రోమింగ్ ఆన్‌లో ఉంచడమే అసలు ముప్పు. ఫోన్ జేబులో ఉండగానే ఫొటోలు ఎక్కించుకుంటుంది, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటుంది. కొన్ని విమానాల్లో, విహార నౌకల్లో శాటిలైట్ ద్వారా పనిచేసే నెట్‌వర్క్ ఉంటుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టని ఫోన్ దానికి తగులుకుంటే నేలమీది రోమింగే నయమనిపించేటంత బిల్లు వస్తుంది.

వారం దాటి ఉండేవారికి అక్కడి ప్రీపెయిడ్ సిమ్ మేలు. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశపు సిమ్‌ను మిగతా సభ్యదేశాల్లోనూ సొంత రేటుకే వాడుకోవచ్చు. స్విట్జర్లాండ్‌కు ఆ నియమం వర్తించదు. టూర్లలో పారిస్ తర్వాత మంచుకొండలు చూపిస్తారు కనుక మనవాళ్ళు చాలామంది అక్కడే దొరికిపోతారు. ఫోన్ ఈ-సిమ్ రకమైతే షాపుకు వెళ్ళే పని కూడా లేదు. అయితే 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అరే ఉండదు. అక్కడి కొడుకు కొనిచ్చిన ఫోన్‌లో ఇక్కడి ప్లాస్టిక్ సిమ్ పట్టదు.

సిమ్ ఏదైనా మాట్లాడేది ఇంటర్నెట్ మీదే. వాట్సాప్ ఆడియో కాల్‌కు నిమిషానికి ఇంచుమించు అర ఎంబీ నుంచి ఒక ఎంబీ ఖర్చవుతుంది. ఒక జీబీతో పదహారు గంటలు హాయిగా మాట్లాడుకోవచ్చు. వీడియో అయితే అంతకు కొన్ని రెట్లు. సిమ్ మారిస్తే వాట్సాప్ నంబర్ మార్చాలా అని అది అడుగుతుంది, మార్చనక్కర్లేదు. దుబాయ్, అబుధాబీల్లో మాత్రం వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ పోదు. యూఏఈ ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన యాప్‌ల మీదే మాట్లాడాలి. జగిత్యాల, సిరిసిల్లల నుంచి వెళ్ళిన కార్మికుల ఇళ్ళలో ముసలివాళ్ళు కూడా వాటిలో ఒకటైన బోటిమ్ పేరు ఎరిగింది ఇందుకే. చైనాలోనైతే అక్కడి నెట్‌వర్క్ మీద వాట్సాపే తెరుచుకోదు.

అవతలివైపు స్మార్ట్‌ఫోన్ లేకపోతే, మామూలు నంబర్లకు కాల్ కలిపే వైబర్ అవుట్ లాంటి చెల్లింపు సేవలున్నాయి. స్కైప్ కూడా ఆ పని చేసేది. 2025 మేలో మూతపడింది. వీటన్నిటికీ ముందు నడిచింది కాలింగ్ కార్డుల రాజ్యం. అంత దగా వ్యాపారం ఫోన్ల చరిత్రలో ఇంకోటి లేదు. అమెరికాలో ఇండియన్ కిరాణా షాపు కౌంటర్ దగ్గర 5 డాలర్ల, 10 డాలర్ల కార్డులు వేలాడేవి. వెనక పూత గీకితే పిన్ నంబర్. 1-800 నంబర్‌కు చేసి, పిన్ కొట్టి, 011, 91, ఊరి కోడ్, ఇంటి నంబర్ వరసగా కొట్టాలి. ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదటికి. అప్పుడొక గొంతు మీకు ఇన్ని నిమిషాలున్నాయని తియ్యగా చెప్పేది. అవి ఏకబిగిన ఒకే కాల్ మాట్లాడేవారికే దక్కేవి. కాల్ కాల్‌కూ కనెక్షన్ ఫీజు. కార్డు సొరుగులో పడున్నా వారం వారం మెయింటెనెన్స్ ఫీజు. పేఫోన్ నుంచి చేస్తే అదనపు వడ్డన. మూడేసి నిమిషాల లెక్క కాబట్టి నాలుగు నిమిషాలు మాట్లాడితే ఆరు కోసేవారు. ఇవన్నీ కార్డు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉండేవి. నాన్న ఫోన్ ఎత్తి, "ఉండు, అమ్మని పిలుస్తా" అని పెరట్లోకి వెళ్ళొచ్చేసరికే ఒక మూడు నిమిషాలు హరీ. ఇలాంటి కార్డులు అమ్మిన కొన్ని కంపెనీల మీద 2008లో అమెరికా ప్రభుత్వ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకు వెళ్ళింది. కానీ ఆ పీడ పూర్తిగా విరగడైంది స్మార్ట్‌ఫోన్లు వచ్చాకే.

ఇప్పుడు ఇండియా సిమ్ అవసరమల్లా బ్యాంకు ఓటీపీకే. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌కు చాలా కంపెనీలు డబ్బు తీసుకోవు, కానీ ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ అయి ఉండాలి. ఆ పని ఇంటి దగ్గరే చేయించుకోండి, ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయండి, విమానం ఎక్కేముందు తోడికోడలికి వాట్సాప్‌లోనే చేయమని చెప్పండి.