అలసటకు గడి లేని ఫారమ్

ముప్పది సంవత్సరాలుగా మేము యంత్రాల నిర్వహణ శాఖలో పనిచేస్తున్నాము. 19వ శతాబ్దంలో జర్మనీ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను పరీక్షించి ఒక సత్యాన్ని నిరూపించాడు. ఒక్కసారి పడిన పెద్ద బరువును తట్టుకొన్న లోహం సైతం, అంతకన్న తక్కువ బరువు పదే పదే పడినచో విరుగుతుంది. దీనినే లోహపు అలసట అంటాము. మనుషుల విషయంలో ఈ పాఠం మాకు ఆలస్యంగా బోధపడినది.

నిరుడు మా సామాజిక బాధ్యతా కమిటీ తరఫున ఒక బాలల గృహానికి వెళ్ళాము. జనరేటరు, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్లు చూచి ఫారమ్‌లో టిక్కులు పెట్టాము. తిరిగివచ్చే వేళ, సామాన్ల గదిలో పిల్లల సంరక్షకురాలు ఒక చిన్న గౌను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతూ కనిపించినది.

"ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాము.

"బాగానే ఉందండి. నెలల పిల్లగా వచ్చింది. నాలుగేళ్ళు నా పక్కలోనే పడుకుంది. పొద్దున దత్తతకు వెళ్ళింది. మంచివాళ్ళేనండి, సంతోషించాలి కదా!"

అంతలో రాత్రి భోజనాల గంట మోగినది. ఆమె ముఖం కడుగుకొని, మిగిలిన పిల్లలకు నవ్వుతూ వడ్డించినది. మా ఫారమ్‌లో ఆమెకు గడి లేదు.

2016 నాటి బాలల న్యాయ నమూనా నియమాలు పిల్లలకు కౌన్సెలర్ ఉండాలన్నాయి. అక్కడ కౌన్సెలర్ ఉన్నది. ఆమెతో కూర్చొనే తీరిక సంరక్షకురాలికి లేదు. బదులు మనిషి దొరికితేనే వారపు సెలవు. 1974లో అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బర్గర్ సేవారంగంలోని ఇట్టి స్థితిని 'బర్న్‌అవుట్' అన్నాడు. అంకితభావం గలవారే దీనికి ముందుగా లోనవుతారని హెచ్చరించాడు. మనసు మొద్దుబారిన తల్లి తరువాతి బిడ్డకు అన్నం పెట్టగలదు గాని, ఒడి ఇవ్వలేదు. నష్టపోయేది ఆ బిడ్డే.

నివేదిక మార్చి వ్రాశాము: బదులు సంరక్షకురాలికి జీతం, నెలకొకసారి పైఅధికారులు లేకుండా సిబ్బంది కౌన్సెలర్‌తో సమావేశం, వెళ్ళిపోయే బిడ్డ ఫొటో ఒకటి పెంచిన తల్లికి.

"జీతం మీద మన ఫలకం ఎక్కడ తగిలిస్తామండీ?" అని ఒక సభ్యుడు ప్రశ్నించాడు. మూడు సమావేశాల వాదన పిమ్మట ఆమోదం లభించినది.

మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదట. రెండవ నెల ఆమె ఆ పాప పేరు చెప్పి, అందరి ముందూ ఏడ్చినదట.

పుట్టినరోజులకు మిఠాయిలు పంచ వెళ్ళే సోదర ఉద్యోగులకు ఒక మనవి. పిల్లలను పలకరించిన తరువాత ఆ తల్లులను కూడా అడగండి: "మీరు సెలవు తీసుకొని ఎన్నాళ్ళయినదమ్మా?"